నాయనమ్మకూ మూర మల్లెలు

పెళ్లి మండపాలు అలంకరించడం నా వృత్తి. తెల్లవారకముందే కడియపులంక మార్కెట్లో బంతి, చామంతి బుట్టలు ఎత్తించుకుంటాను. ఆర్కిడ్లు, జెర్బెరాలు బెంగళూరు నుంచి తెప్పిస్తాను. వేదిక వెనక పూలగోడకు లక్షలు పెట్టేవాళ్లు, పెళ్లికూతురి పూలజడకు పదిసార్లు ఫోన్ చేసేవాళ్లు, వియ్యాలవారి దండలూ ముత్తయిదువుల మల్లెలూ లెక్కగా రాయిస్తారు. భర్త పోయిన నాయనమ్మ మాత్రం ఆ జాబితాలో ఉండదు. పిల్లను ఎత్తుకుని పెంచిన మనిషే చివరి వరుస కుర్చీలో కూర్చుంటుంది.

వీరేశలింగం పంతులు గారు 1881 డిసెంబరులో తొలి వితంతు వివాహం జరిపించిన రాజమండ్రి మాకు పక్కనే. అప్పుడే పెళ్లి జరిగినప్పుడు, ఇప్పుడు పూలకు అడ్డేమిటి?

‘శాస్త్రం ఒప్పుకోదండీ’ అంటారు. ప్లాస్టిక్ తీగలకూ రంగు పులిమిన పూలకూ రాని అభ్యంతరం మల్లెలకే వచ్చిందా?

అందుకే ఆర్డరు రాసుకునేటప్పుడు ముత్తయిదువులెందరని అడగడం మానేశాను. ఇంట్లో ఆడవాళ్లెందరని అడుగుతున్నాను. పూలగోడలో ఒక వరుస తగ్గిస్తే అందరికీ సరిపోతాయి. తలలో పెట్టుకుంటారా, చేతికి చుట్టుకుంటారా, వద్దంటారా అన్నది వాళ్ల ఇష్టం. ఇవ్వడం మాత్రం పెళ్లివారి మర్యాద.