వేలు పడకపోతే?

లినక్సులో వేలిముద్రతో లాగిన్ అవ్వట్లేదని చాలామంది చేసే మొదటి పని ఉబుంటుని తిట్టడం, రెండో పని మళ్ళీ ఇన్‌స్టాల్ చెయ్యడం. రెండూ దండగే. మూడుచోట్ల చూస్తే సంగతి తేలిపోతుంది.

ఒకటి, ఎల్ఎస్‌యూఎస్‌బీ అని కొట్టి రీడరు నంబరు చూడండి. ఆ నంబరు లిబ్‌ఎఫ్‌ప్రింట్ జాబితాలో ఉందా? ఈ లైబ్రరీ 2007 నుంచీ ఉంది గానీ, తయారీదారులు వివరాలివ్వని రీడర్లకి డ్రైవరు రాయడం ఎవరికైనా కష్టమే. జాబితాలో లేకపోతే తెల్లవార్లూ కూర్చున్నా లాభం లేదు. రెండు, ఎఫ్‌ప్రింట్‌డీ-ఎన్‌రోల్‌తో వేలు నమోదు చేసి, ఎఫ్‌ప్రింట్‌డీ-వెరిఫైతో సరిచూడండి. ఇక్కడ పనిచేసి లాగిన్ దగ్గర మొరాయిస్తే, తేడా మూడోచోట, అంటే పామ్‌లో ఉన్నట్టు. ఉబుంటులో పామ్-ఆథ్-అప్‌డేట్ నడిపి వేలిముద్రకి టిక్కు పెట్టాలి. లోపలికి వెళ్ళాక కీరింగ్ పాస్‌వర్డు అడిగితే కంగారుపడకండి. ఆ పెట్టె తాళం పాస్‌వర్డుతోనే తెరుచుకుంటుంది.

నా గోలంతా ఈ పామ్ గురించే. అందులో ఒక్కో పరీక్షకి ఒక్కో మాట తగిలిస్తారు. 'సఫిషియెంట్' అంటే ఇది నెగ్గితే చాలు, తప్పితే తర్వాతిది చూడమని. 'రిక్వైర్డ్' అంటే ఇది తప్పితే మిగతావన్నీ నెగ్గినా లోపలికి రానివ్వద్దని. వేలికి చెమట పట్టచ్చు, కోసుకోవచ్చు. అందుకే వేలిముద్రకి మొదటి మాటే తగును. ఏ సంగతీ తెలీకుండా రెండోది పెట్టుకుంటే మన కంప్యూటరు ముందు మనమే పరాయివాళ్ళం.

ఇదే ప్రశ్న మా అమరావతి చుట్టుపక్కల రేషను షాపులకీ వర్తిస్తుంది. 2015లో రాష్ట్రంలో ఈ-పోస్ మిషన్లు మొదలయ్యాయి. మిరపకాయలు కోసి, పత్తి తీసి గీతలరిగిన వేళ్ళవి. అలాంటి చేతులకి "ముద్ర పడట్లేదు, రేపు రామ్మా" అనే మాట కొత్తేం కాదు. రేపు రావాలంటే ఒకపూట కూలి పోయినట్టే.

నిజానికి కాగితం మీద ఇదీ 'సఫిషియెంటే'. వేలు పడకపోతే కనుపాపో, ఓటీపీయో, అదీ కాకపోతే కార్డు చూసి ఇచ్చి రాసుకోమని ఆధార్ సంస్థ 2017 అక్టోబరులోనే చెప్పింది. సరిపోలలేదని అర్హులకి ఆపకూడదన్న మాట 2018 సెప్టెంబరు నాటి సుప్రీంకోర్టు తీర్పులోనూ ఉంది. షాపులో అది 'రిక్వైర్డ్'గా మారిపోతేనే చిక్కు.

పక్కదారి ఉంచితే డీలర్లు దొంగలెక్కలు రాస్తారంటారు. రాయచ్చు. అలా ఇచ్చిన ప్రతిసారీ నమోదు చేసి, తర్వాత తనిఖీ చెయ్యండి. లినక్సులో సుడో వాడితే లాగులో పడట్లేదూ? దొంగని పట్టుకోడానికి ముసలమ్మని పస్తుంచక్కర్లేదు.

ఇంజనీర్లకి నేను చెప్పేదొకటే. వేలిముద్ర పెట్టే ప్రతిచోటా "పడకపోతే ఏంటి?" అన్న లైను ముందు రాయండి. పాస్‌వర్డు పోతే మార్చుకుంటాం, అరిగిన వేలిని ఎక్కడ మారుస్తాం?