విజ్ఞాన వీచిక: పులసకు చుట్టాలెవరు?

వానాకాలం వచ్చిందంటే టెల్కో కాలనీలో తెలుగు ఇండ్లకూ బెంగాలీ ఇండ్లకూ మధ్య ఒక తీరని వ్యాజ్యం నడుస్తుంది. కోలాఘాట్ ఇలిష్ గొప్పదా, గోదావరి పులస గొప్పదా? పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెతను మనవారు సాక్ష్యంగా ప్రవేశపెడతారు. పద్మానది పేరెత్తి వారు ప్రతివాదం చేస్తారు. రుచి సంగతి ఏ న్యాయస్థానమూ తేల్చలేదు గాని, వంశం సంగతి తేలినదే. రెండూ ఒకే జాతి. 1822లో హామిల్టన్ గంగానది మత్స్యాలను వర్ణిస్తూ దీనికి 'ఇలిషా' అని పేరు పెట్టాడు. నేటి శాస్త్రనామం టెన్యువలోసా ఇలిషా. సముద్రంలో ఇలస అనిపించుకొన్నదే వరదనీటికి ఎదురీది గోదావరిలో పులస అవుతుంది.

ఆసక్తికరమైనది దీని బంధువర్గం. పూర్వం శాస్త్రజ్ఞులు పొలుసులు, మొప్పలు, ఎముకలు చూసి చుట్టరికం నిర్ణయించేవారు. ఆ లెక్కన అమెరికా నదులలోని షాడ్ చేప పులసకు దగ్గరి జ్ఞాతి. అదే వెండి మెరుపు, అదే ముళ్ళ బెడద, గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదికి అదే ప్రయాణం. అక్కడి బెంగాలీలు ఇలిష్‌కు బదులుగా దానినే వండుకుంటారు కూడా.

జన్యుపరీక్ష ఈ తీర్పును తిరగవేసింది. తల్లి నుండి మాత్రమే సంక్రమించే మైటోకాండ్రియా డి.ఎన్.ఎ.లో సైటోక్రోమ్-బి అనే జన్యువు సుమారు 1,140 అక్షరాల పాఠం. తరతరాలుగా అందులో ఒక్కొక్క అక్షరం మారుతూ వస్తుంది. రెండు జాతుల పాఠాలను పక్కపక్కన పెట్టి భేదాలు లెక్కిస్తే చుట్టరికం ఎంత దూరమో అంచనా కట్టవచ్చు. ఒక్క జన్యువును నమ్మితే పొరపడవచ్చు గనుక అనేక జన్యువులతో సరిచూస్తారు. (రంగు చూసి ఉక్కు తరగతి చెప్పేవారిని మన ప్రయోగశాలవారు నమ్ముతారా?) అలా చూడగా షాడ్ ఐరోపా సార్డీన్ ఉన్న శాఖలో చేరింది, మన పులస, తీరమంతటా బుట్టలకొద్దీ అమ్మే కవళ్ళ శాఖలో చేరింది. 2022లో వెలువడిన వర్గీకరణ ఈ శాఖలను వేర్వేరు కుటుంబాలుగానే విడదీసింది. పుస్తెలమ్మి కొనే చేపకు పేదవాని కూరే దగ్గరి చుట్టం! నదికి వలసపోయే అలవాటు షాడ్‌కూ పులసకూ వేరువేరుగా అబ్బినదని భావించాలి.

దీనికి వ్యవహార ప్రయోజనమూ ఉంది. బాల్టిక్ సముద్రపు స్టర్జన్ చేప గత శతాబ్దంలో అక్కడ అంతరించింది. అది ఐరోపా జాతియేనని అందరూ అనుకోగా, మ్యూజియం నమూనాల డి.ఎన్.ఎ. పరిశీలించి అది అమెరికా తీరపు జాతి అని 2002లో వెల్లడించారు. ఆ తరువాత కెనడా నుంచి తెచ్చిన చేపల సంతతినే ఓడర్ నదిలో వదిలారు.

1975లో ఫరక్కా బ్యారేజి రాకముందు ఇలిష్ గంగలో అలహాబాదు దాకా ఈదేది. బారక్‌పూర్‌లోని కేంద్ర అంతర్దేశీయ మత్స్య పరిశోధన సంస్థ ఇటీవలి కాలంలో బ్యారేజికి ఎగువన ఈ చేపలను వదిలే ప్రయత్నం చేపట్టింది. 1852 నాటి ధవళేశ్వరం ఆనకట్ట వద్ద పులసకూ అదే అడ్డు. అక్కడా అటువంటి పని తలపెడితే హుగ్లీ విత్తనం తేవాలా, గోదావరి విత్తనమే వాడాలా అన్నది జన్యుపరీక్షతో ముందుగా తేల్చుకోవాలి. జాతి ఒక్కటే అయినా ఏ నది మంద ఆ నదికే అలవాటుపడి ఉండవచ్చు గనుక, నా ఓటు గోదావరికే. బెంగాలీ మిత్రులు మన్నింతురు గాక.