చక్రం హోరు

సంధులు విడగొట్టడం నా వృత్తి. బేరింగు విడగొట్టడం ఎంత పని అనుకున్నాను. హిందూపురంలో మా ఇంటి వాకిట్లోనే పాత కారు వెనుక చక్రం ఊడదీసి, హబ్బులో కొత్త బేరింగు పెట్టి, సుత్తితో నాలుగు దెబ్బలు వేశాను. మెకానిక్కు కూలి మిగిలిందన్నాను. మా ఆవిడ మాట్లాడలేదు.

నెల తిరక్కుండా పట్టుచీరల నిమిత్తం సకుటుంబంగా ధర్మవరం బయలుదేరాము. సోమందేపల్లి దాటగానే హోరు మొదలైంది. దారి ఎడమకు తిరిగితే హెచ్చు, కుడికి తిరిగితే తగ్గు. మలుపులో బరువు పడేది బయటివైపు గనుక, దోషం నేను విప్పిన ఆ కుడి చక్రానిదే!

పెనుకొండ పక్కనే ఎర్రమంచిలో 2019 నుంచి కియా వారు కార్లు తయారు చేస్తున్నారు. మా కారు మూలుగుతూ పెనుకొండ చేరింది.

మెకానిక్కు చక్రం విప్పి, "సుత్తి యాడ కొట్టినారు సార్?" అన్నాడు.

నేను కొట్టింది లోపలి వలయం మీద. హబ్బులో బిగియవలసింది బయటి వలయం. ఒత్తిడి దానిమీదే సమంగా పడాలి. అందుకు సుత్తికన్నా ప్రెస్సు మేలట. లోపల కొడితే ఆ దెబ్బ గుండ్ల గుండా పోయి, అవి దొర్లే గాడిలో సొట్టలు వేస్తుంది.

"ఇట్లే పోయింటే చక్రం పట్టేసుండు సార్."

వెనుక సీటులో పిల్లలు నిద్రపోతున్నారు. మా ఆవిడ ఈసారీ మాట్లాడలేదు. ధర్మవరంలో మాత్రం ఒక చీర అనుకున్నది రెండు తీసుకుంది.