కొండకు వెల యెంత?

1989 మార్చి 24వ తేదీన అలాస్కాలోని ప్రిన్స్ విలియం సౌండునందు ఎక్సాన్ వాల్డెజ్ అను నౌక రాతితిప్పను ఢీకొని, సుమారు 1 కోటి 10 లక్షల గ్యాలన్ల ముడినూనెను సముద్రమున గ్రుమ్మరించెను. చచ్చిన చేపకు అంగడి ధర గలదు. ఆ తీరమును ఎన్నడును చూడని, చూడబోని అమెరికా పౌరుని మనస్సులో దాని విలువ యెంత? అలాస్కా ప్రభుత్వము నియమించిన అర్థశాస్త్రజ్ఞుల పక్షమున 1,043 మందిని ఇండ్లకు బోయి ప్రశ్నించిరి: ఇట్టి ప్రమాదము మరల కలుగకుండ చేయు ఏర్పాటునకై ఒక్కసారి ఇంత పన్ను వేసినచో సమ్మతింతురా? మధ్యగత సంఖ్య ఇంటికి సుమారు 31 డాలర్లుగ తేలెను. దానిని కుటుంబముల సంఖ్యచే గుణించిరి. 280 కోట్ల డాలర్లయ్యెను.

ఈ లెక్క వేసినవారు ప్రకృతిద్రోహులని మేమనము. న్యాయస్థానమున అంకె లేని నష్టము సున్న క్రింద జమ యగును. ఆ సున్నకంటె ఏదో యొక అంకె మేలని వారి వాదము. మా ఆక్షేపణ అంకెపై గాదు, ప్రశ్నపైని. దొంగలు పడిన యింటికి బోయి, "మరల మీ సొత్తు పోకుండుటకు మీరేమి చెల్లింతురు?" అని యజమానుని అడుగు న్యాయమెక్కడిది? "ఎంత పుచ్చుకొని పోనిత్తురు?" అని గదా అడుగవలసినది! కాని 1993లో ఆరో, సోలో అను నోబెలు బహుమాన గ్రహీతల అధ్యక్షతను కూడిన పండిత సంఘము మొదటి ప్రశ్ననే అడుగుడని విధించెను; అదియే మితమైన మార్గమట! చెల్లింపు నడిగినపుడు లేనివాని ప్రేమ వాని చేతి పైకమును మించజాలదు గదా.

పక్షుల కథ మరియు విచిత్రము. నూనెగుంటలలో పడి చచ్చు పక్షులను రక్షించుటకేమిత్తురని వేర్వేరు జనులను అడుగగా, 2,000 పక్షులకు సగటున 80 డాలర్లు, 20,000కు 78, 2,00,000కు 88 డాలర్లు పలికిరి. ఆ పరిశోధనకు సొమ్మిచ్చినది ఎక్సాన్ సంస్థయే. అయినను విరోధి చూపినంత మాత్రమున చిల్లు చిల్లు కాకపోదు.

అన్నిటికంటె మాకు దుస్సహమైనది వేరు. దీనికి వెల కట్టుటయే తప్పని నిరాకరించువారి మాటకు ఈ శాస్త్రము "నిరసన జవాబు" అని పేరు పెట్టి, తరచు లెక్కనుండి తొలగించును. 2013లో సుప్రీంకోర్టు ఆజ్ఞచే ఒడిశాలోని నియమగిరిపై 12 గ్రామసభలు కూడెను. అచటి డోంగ్రియా కోందులు మొదలగు కొండవారిని వెల యెంతయని అడుగలేదు; మీ దైవమునకు, మీ హక్కులకు బాక్సైటు త్రవ్వకము భంగకరమా యని అడిగిరి. 12 సభలును త్రవ్వకము వలదనెను. 2014 జనవరిలో కేంద్ర ప్రభుత్వము ఆ గనికి అనుమతి నిరాకరించెను.