దారి తప్పిన మాట

పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారినది గాని, డాలీగంజ్ పేరు మాత్రం డాలీగంజ్‌గానే ఉన్నది. ఇక్కడ మా పొరుగున శ్రీకాకుళం నుండి వచ్చి స్థిరపడిన కుటుంబమొకటి ఉన్నది. వారి అమ్మాయి ఒకనాటి సాయంకాలం తన ఆంగ్ల వ్యాసం పట్టుకొని వచ్చింది. వ్యాస విషయం సునామీ.

2004 డిసెంబరు 26న సునామీ ఈ దీవులను ముంచెత్తింది. నాలుగు దినాలకే, 30వ తేదీన, మరొకటి రావచ్చునని కేంద్ర హోం శాఖ హెచ్చరించింది. జనం మళ్ళీ మెరకకు పరుగెత్తారు. అల రాలేదు. అందుచేత ప్రభుత్వం ‘ఫాల్స్ ఇన్‌ఫర్మేషన్’ ఇచ్చిందని ఆ అమ్మాయి వ్రాసింది. ఉపాధ్యాయిని ‘ఫాల్స్’ కొట్టివేసి ‘ఎరోనియస్’ అని దిద్దింది.

“రెండింటికీ తప్పు అనే కదా అర్థం, పిన్నీ?”

నిఘంటువులో పక్కపక్కనే ఉన్నా, వీటి పుట్టుక వేరు. ‘ఫాల్స్’కు మూలమైన లాటిన్ క్రియకు మోసగించుట అని అర్థం. ‘ఎరోనియస్’కు మూలమైన క్రియకు తిరుగాడుట, త్రోవ తప్పుట అని అర్థం. ‘ఎర్రర్’ దీని తోబుట్టువే. ఈ ఊహ మనకు కొత్తది కాదు. తెలుగులో దారి తప్పుతాము, గురి తప్పుతుంది. ‘తప్పు’ అన్న నామమూ అక్కడిదే. సంస్కృతంలో తిరుగుట ‘భ్రమణం’, పొరపడుట ‘భ్రమ’. మూడు భాషలూ పొరపాటును త్రోవ తప్పిన బాటసారిగానే చూశాయి. బాటసారిని దొంగ అనరాదు గదా!

నేటి వాడుకలో ‘ఫాల్స్’ అన్నచోటనల్లా మోసముండదు. ‘ఫాల్స్ అలారం’ అంటే ఎవరినీ నిందించినట్లు కాదు. కాని ఒకరు ‘ఫాల్స్ ఇన్‌ఫర్మేషన్’ ఇచ్చారంటే, తెలిసి ఇచ్చారేమోనన్న అనుమానం వెంట వస్తుంది.

ఇక ‘ఎరోనియస్’ వాడుక చూడండి:

రేషన్ కార్డులో పేరు తప్పు పడితే, “మై నేమ్ హాజ్ బీన్ ఎరోనియస్లీ ఎంటర్డ్” అని అర్జీ పెట్టవచ్చును. తప్పు తెలుస్తుంది, గుమాస్తా నొచ్చుకోడు.

అండమాను వాసులకు కుక్క తలలుంటాయని మార్కో పోలో 13వ శతాబ్దంలో చెప్పిన కథను ‘ఎరోనియస్ అకౌంట్’ అనవచ్చును.

వార్తకు, నమ్మకానికి, లెక్కకు ఈ విశేషణం చెల్లుతుంది, మనిషికి చెల్లదు. పొరపడిన మనిషి ‘మిస్టేకెన్’. బజారులో చిల్లర లెక్క తప్పితే ‘రాంగ్’ చాలును. అక్కడ ‘ఎరోనియస్’ అంటే పెళ్ళిబట్టలతో కూరలకు వెళ్ళినట్లుంటుంది.

రెండు మాటలూ పనికిరాని సందర్భమూ ఒకటున్నది. 2012 ఏప్రిల్ 11న సుమత్రా సమీపంలో 8.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2007 నుండి హైదరాబాదులో పనిచేస్తున్న సునామీ హెచ్చరిక కేంద్రం నికోబార్‌ను అప్రమత్తం చేసి, తరువాత హెచ్చరికను ఉపసంహరించింది. సముద్రగర్భం నిలువునా లేవక పక్కకు జరగడంచేత పెద్ద అల పుట్టలేదు. భూకంపం నిజం, ప్రమాదశంకా నిజం. అది అబద్ధమూ కాదు, పొరపాటూ కాదు, ముందుజాగ్రత్త.

అమ్మాయి కొంచెంసేపు ఆలోచించి, “హెచ్చరించినవాళ్ళను అబద్ధాలకోరులంటే, ఈసారి నిజంగా అల వచ్చినప్పుడు ఎవరూ కదలరేమో, పిన్నీ!” అన్నది. తరువాత వ్యాసంలో ఆ మాటనే చివరి వాక్యంగా చేర్చింది.