శాసనం చదివిస్తేనే చరిత్ర

రుద్రమదేవి ఎప్పుడు మరణించిందని అడిగితే మన పిల్లలు సంవత్సరం ఠక్కున అప్పజెబుతారు. ఆ సంగతి మనకెలా తెలిసిందంటే మాత్రం నోరు మెదపరు. తప్పు వాళ్లది కాదు, ఆ ప్రశ్న వెయ్యడం మనమే నేర్పలేదు. నల్లగొండ జిల్లా చందుపట్లలో ఒక శాసనం ఉంది. కాకతి రుద్రమదేవి, సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వారికి పుణ్యం కలగాలని దేవుడికి భూమి దానమిస్తూ శక సంవత్సరం 1211లో పువ్వుల ముమ్మడి అనే వ్యక్తి వేయించినది. దాన్ని తరగతిలో చదివించి చూడండి. 1211కి 78 కలిపి క్రీ.శ. 1289 అని పిల్లలే తేలుస్తారు. రాణి ఆ తర్వాత కూడా కొన్నేళ్లు పాలించిందని రాసిన పాత పుస్తకాలను ఒక్క రాయి ఎలా దిద్దిందో వాళ్లకే బోధపడుతుంది. ఇంకాస్త నిదానంగా చదివిస్తే అసలు పాఠం మొదలవుతుంది. ఆ ఇద్దరూ ఎలా మరణించారో శాసనం చెప్పదు. రాణిపై తిరుగుబాటు చేసిన సామంతుడు అంబదేవుడితో యుద్ధంలో నేలకొరిగారన్నది అప్పటి పరిస్థితులను బట్టి చరిత్రకారులు చేసిన ఊహ. రాసి ఉన్నదేదో, ఊహించినదేదో విడదీసి చూడగలగడమే చరిత్ర చదువు. ఫోన్లో వచ్చిన ప్రతి కథనూ నిజమని పంచుకునే ఈ రోజుల్లో పిల్లలకు ఇంతకంటే అవసరమైన విద్య మరొకటి లేదు. అందుకే సోషల్ పరీక్షలో ఒక్క ప్రశ్నయినా శాసన పాఠం ఇచ్చి, ఇది ఏం చెబుతోంది, ఏం చెప్పడం లేదు అని అడగాలి. మార్కులుంటేనే బడిలో దానికి పీరియడ్ దొరుకుతుంది.