పాత డెస్క్‌టాప్‌ను పారేయకండి... అదే మీ ల్యాబ్‌!

అన్నయ్య ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు కొన్న డెస్క్‌టాప్‌ ఇప్పుడు మీ చేతికొచ్చింది. విండోస్‌ 11 వేద్దామంటే ‘ఈ పీసీ సరిపోదు’ అంటోంది. కొత్తది కొనమని ఇంట్లో అడగడానికి మనసొప్పడం లేదు. ఇదేనా మీ పరిస్థితి? అయితే డబ్బు ఖర్చు పెట్టకుండానే దీంతో ఉద్యోగానికి పనికొచ్చే నైపుణ్యం నేర్చుకోవచ్చు.

అసలేం జరిగింది?

2015 జులైలో వచ్చిన విండోస్‌ 10కు మైక్రోసాఫ్ట్‌ 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ఆపేసింది. అంటే కంప్యూటర్‌ పనిచేయడం మానేయదు. కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు మరమ్మతులే రావు. పేరు నమోదు చేసుకున్న వ్యక్తిగత వినియోగదారులకు మరో ఏడాది భద్రతా అప్‌డేట్లు ఇస్తామని సంస్థ ప్రకటించింది. అది తాత్కాలిక ఊరటే.

ఇక విండోస్‌ 11కు టీపీఎం 2.0, సెక్యూర్‌ బూట్‌ సదుపాయం, కనీసం 4 జీబీ ర్యామ్‌ కావాలి. ఇంటెల్‌ ప్రాసెసర్లయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అర్హత. అందుకే బాగా నడుస్తున్న కంప్యూటర్లు కూడా జాబితాలో లేకుండా పోయాయి.

ఉద్యోగంతో ఏం సంబంధం?

ఈ యంత్రంలో విండోస్‌ పక్కనే లినక్స్‌ వేసుకోవచ్చు. 1991లో లైనస్‌ టోర్వాల్డ్స్‌ మొదలుపెట్టిన ఈ వ్యవస్థే ఇప్పుడు క్లౌడ్‌ సర్వర్లలో ఎక్కువ భాగాన్ని నడుపుతోంది. ఆండ్రాయిడ్‌ ఫోన్లకూ ఇదే పునాది. ప్రపంచంలోని తొలి 500 సూపర్‌ కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుంచి ఉన్నవన్నీ లినక్స్‌వే. క్లౌడ్‌ సపోర్ట్‌, డెవాప్స్‌, సైబర్‌ సెక్యూరిటీ కొలువులకు వెళ్తే లినక్స్‌ ప్రాథమికాంశాలు అడగడం మామూలే. రెడ్‌హ్యాట్‌ సంస్థ నిర్వహించే ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్షలో అభ్యర్థి స్వయంగా సిస్టమ్‌ మీద పనిచేసి చూపించాలి. బట్టీ పడితే కుదరదు.

మరి విండోస్‌ తీసేయొచ్చు కదా అంటారా? వద్దు. ఎంఎస్‌ ఆఫీస్‌ డెస్క్‌టాప్‌ వెర్షన్‌, కొన్ని అకౌంటింగ్‌ సాఫ్ట్‌వేర్లు లినక్స్‌లో నేరుగా నడవవు. వాటికి విండోస్‌ ఉంచుకోండి. నెట్‌ వాడకం, కోడింగ్‌ లినక్స్‌లో చేయండి. వర్చువల్‌ మెషీన్‌లో నేర్చుకోవచ్చు కానీ, 4 జీబీ ర్యామ్‌ను రెండు వ్యవస్థలు ఒకేసారి పంచుకుంటే కంప్యూటర్‌ మొరాయిస్తుంది. డ్యూయల్‌ బూట్‌లో ఏది తెరిస్తే దానికే మొత్తం ర్యామ్‌.

మొదలుపెట్టే ముందు...

* ఫొటోలు, సర్టిఫికెట్లు, ప్రాజెక్టు ఫైళ్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి. ఇది చేయకుండా ముందుకెళ్లొద్దు. బిట్‌లాకర్‌ ఆన్‌లో ఉంటే రికవరీ కీ రాసిపెట్టుకోండి.

* విండోస్‌లో ‘సిస్టమ్‌ ఇన్ఫర్మేషన్‌’ తెరిచి బయోస్‌ మోడ్‌ చూడండి. లెగసీయా, యూఈఎఫ్‌ఐయా? పెన్‌డ్రైవ్‌నూ అదే మోడ్‌లో బూట్‌ చేయాలి.

* లెగసీ యంత్రాల్లో డిస్క్‌ సాధారణంగా ఎంబీఆర్‌ పద్ధతిలో ఉంటుంది. దానికి నాలుగు ప్రైమరీ పార్టిషన్లే పరిమితి. ఆ నాలుగూ ఇప్పటికే నిండి ఉంటే ఖాళీ జాగా ఉన్నా ఇన్‌స్టలేషన్‌ ముందుకు సాగదు. డిస్క్‌ మేనేజ్‌మెంట్‌లో ముందే లెక్కపెట్టుకోండి.

* అక్కడే ‘ష్రింక్‌ వాల్యూమ్‌’తో 40-50 జీబీ ఖాళీ చేయండి. ‘ఫాస్ట్‌ స్టార్టప్‌’ ఆపేయండి.

* తక్కువ ర్యామ్‌ ఉంటే లినక్స్‌ మింట్‌ ఎక్స్‌ఎఫ్‌సీఈ లేదా లుబుంటు తీసుకోండి. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి రూఫస్‌తో ఎక్కించి, ముందు ఇన్‌స్టాల్‌ చేయకుండానే నడిపి చూడండి. వైఫై, సౌండ్‌ పనిచేస్తేనే ‘విండోస్‌ పక్కన ఇన్‌స్టాల్‌’ ఎంచుకోండి. ‘డిస్క్‌ మొత్తం తుడిచేయి’ అన్న ఆప్షన్‌ జోలికి మాత్రం పోవద్దు.

తప్పు జరిగితేనే పాఠం

ఇన్‌స్టలేషన్‌ అయ్యాక ఆన్‌ చేస్తే గ్రబ్‌ మెనూ వచ్చి ఏ వ్యవస్థ కావాలో అడుగుతుంది. లినక్స్‌ నుంచి విండోస్‌లోకి వెళ్లినప్పుడు గడియారం అయిదున్నర గంటలు వెనక్కి పోవచ్చు. కంగారొద్దు. లినక్స్‌ హార్డ్‌వేర్‌ గడియారంలో అంతర్జాతీయ సమయం రాస్తుంది. విండోస్‌ దాన్నే స్థానిక సమయం అనుకుంటుంది. ఒక్క కమాండ్‌తో సరిచేయొచ్చు.

ఇలాంటివి ఎదురైన ప్రతిసారీ సమస్య ఏంటి, ఎందుకొచ్చింది, ఎలా పరిష్కరించారు అని నోట్‌బుక్‌లో రాయండి. రెజ్యూమెలో ‘లినక్స్‌ తెలుసు’ అని చాలామంది రాస్తారు. ‘ఎక్కడ నేర్చుకున్నారు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే తడబడేదీ అక్కడే. మీ దగ్గర మాత్రం చెప్పడానికి సొంత అనుభవం ఉంటుంది. ఈ ఆదివారం బ్యాకప్‌తో మొదలుపెట్టండి. రోజుకో గంట టెర్మినల్‌ ముందు కూర్చోండి. కొత్త కంప్యూటర్‌ సంగతి మొదటి జీతం వచ్చాక చూసుకోవచ్చు!